ఖాతా పుస్తకమును నిక్షేపధర్మమును

ఇప్పటి కాలమున స్త్రీలు ఇంటిపట్టున నుండి చేయు వ్యాపారములు మన జిల్లాలలో నానాటికి హెచ్చుచున్నవి. పోచంపల్లి, పుట్టపాక గ్రామములలో మగ్గము మీదినుండి దిగిన చీరను ఆ పూటయే ఫోనులో చిత్రము తీసి దూరదేశముల వారికి చూపి అమ్ముచున్నారు. గద్వాలలోను, నారాయణపేటలోను అట్లే జరుగుచున్నది. చీరల మాట యటుండ, రవికలు కుట్టువారు, పచ్చళ్లు పెట్టి సీసాల కెత్తువారు, పిండివంటలు చేసి పెండ్లిండ్లకు పంపువారు, వీధి మొగమున చిన్న కిరాణా దుకాణము పెట్టుకొన్నవారు, సాయంకాలము పిల్లలకు పాఠములు చెప్పువారు, వీరు లేని వీధి నల్లగొండలోను లేదు, పాలమూరులోను లేదు. ఈ సోదరీమణులు వచ్చిన ధనమును జాగ్రత్త చేసికొనుట నెఱుగుదురు. సరకును ఎలుకలు కొట్టకుండ కాచుకొనుటయు నెఱుగుదురు. కాని వారియొద్ద దినదినము చేరుచున్న పదార్థము మఱియొకటి గలదు. దానికి తూకము లేదు. దానిని లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళము వేయువారు అరుదు. అది గిరాకీల వివరము.

గిరాకి యనగా మన ప్రాంతమున కొనుటకు వచ్చిన మనిషి. ఆ మనిషి పేరు, ఇంటి జాడ, ఫోను నంబరు, ఏ దినమున ఏమి కొన్నది, ఎంత బాకీ పడినది, ఎవరి కొఱకు కొన్నది, ఈ సంగతులన్నియు వ్యాపారము చేయు ఇల్లాలి పుస్తకములోనో ఫోనులోనో నిలిచిపోవుచున్నవి. పట్టణములందలి పెద్ద సంస్థలు దీనిని డేటా యని పిలిచి, దానిని కాపాడుటకు జీతములిచ్చి మనుష్యులను పెట్టుకొనును. మన యిండ్లలో ఆ పని యెవరిది? ఈ ప్రశ్నను గూర్చియే నేను కొంత వ్రాయదలచితిని.

రవికలు కుట్టు ఇల్లాలి కొలతల పుస్తకమును తీసికొని చూతము. అది పిల్లలు బడికి కొంపోవు పొడవాటి నోటు పుస్తకమే. ఒక్కొక్క పుట యందు ఒక్కొక్క స్త్రీ పేరు, ఫోను నంబరు, దాని క్రింద ఛాతి, నడుము, భుజము, చేతి పొడవు. అంచున గుండుసూదితో గ్రుచ్చిన గుడ్డముక్క. కొన్ని పుటలలో "పెండ్లి ఇరువదవ తేదీ" యనియు, మఱికొన్నింట "ఏడవ నెల, వదులుగా కుట్టవలెను" అనియు వ్రాసియుండును. ఆ పుస్తకము కుట్టుమిషను బల్లమీద తెఱచియే యుండును. తన వంతు కొఱకు కూర్చున్నవారు ప్రొద్దుపోక దానిని త్రిప్పుచుందురు. భార్యను తోడ్కొని పోవుటకు వచ్చిన పురుషుడును త్రిప్పును. ఒక స్త్రీ తన తల్లికిని వైద్యురాలికిని తప్ప చెప్పని సంగతి ఆ పుటలో నున్నదని కుట్టువారికి తోచదు. వారి దృష్టిలో అది గుడ్డ కత్తిరించుటకు కావలసిన లెక్క మాత్రమే. చూచువారి కన్నును బట్టి ఆ లెక్కయే మఱియొకటి యగుచున్నది.

కిరాణా దుకాణములోని ఉద్దెర పుస్తకము సంగతియు నిట్టిదే. ఎవరింట జీతము రాలేదో, ఎవరు పండుగకు నూనె అప్పు తెచ్చుకొన్నారో ఆ పుస్తకము చెప్పును. పదిమంది నిలుచున్న వేళ "మీది పన్నెండు వందలు బాకీ యున్నది" అని గట్టిగా చదివి వినిపించుట బాకీ రాబట్టుటకు సులువైన యుపాయమని కొందఱు తలంతురు. ఆ బాకీ పడిన యిల్లాలు మఱుసటి దినము వేఱొక దుకాణమునకు పోవును. పచ్చళ్ల వ్యాపారములో ఎవరికి చక్కెర వ్యాధి యున్నదో, ఎవరికి రక్తపు పోటుచే ఉప్పు తగ్గించవలెనో తెలియును. పాఠములు చెప్పు యింట ఏ పిల్ల ఏ దారిని ఏ గంటకు వచ్చి పోవునో తెలియును. ఈ కడపటిది పరులచేత పడుటకంటె భయంకరమైనది వేఱొకటి లేదు.

ఇవి యన్నియు వట్టి భయములని తలపవలదు. 2017వ సంవత్సరమున ఉత్తరప్రదేశములో ఫోనులకు రీచార్జి చేయు చిన్న దుకాణములలో స్త్రీలు వ్రాయించిన నంబర్లను ఆ దుకాణదారులే పరులకు అమ్ముచున్నారని పత్రికలలో వచ్చెను. నంబరు ఒక్కింటికి ధర 50 రూపాయలు మొదలు 500 రూపాయల వరకు. ధరలో ఆ భేదము ఆయా స్త్రీల రూపమును బట్టి యట! రీచార్జి కొఱకు వ్రాయించిన నంబరు అది. దుకాణదారుని యొద్దకు వేఱొక నిమిత్తమున పోలేదు ఆ పిల్లలు. ఇది జరిగిన పిమ్మట వారిలో ఎందఱు తండ్రులచేత, అన్నలచేత ఫోను లాగికొనబడిరో ఎవరును లెక్క వ్రాయలేదు. తప్పు చేసినవాడు దుకాణములో కూర్చుండగా, శిక్ష యింట నున్న పిల్లకు పడుట మనమెఱుగని సంగతి కాదు.

మన పూర్వులకు ఫోనులు లేవు. అయినను ఒకరి సొత్తు మఱియొకరి చేతిలో నున్నప్పుడు ఎట్లు ప్రవర్తింపవలెనో వారు మిక్కిలి సూక్ష్మముగా నాలోచించిరి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఉపనిధి యను ప్రకరణము గలదు. పెట్టెలో నుంచి, లోపల నేమున్నదో చెప్పక, నమ్మకముతో మఱియొకరి చేతి కిచ్చిన ద్రవ్యము ఉపనిధి. దానిని పుచ్చుకొన్నవాడు ఎట్లు పుచ్చుకొనెనో అట్లే తిరిగి యీయవలెను. తన యిచ్చ వచ్చినట్లు వాడుకొని లాభము పొందినయెడల దండనీయుడు. అంతియ కాదు, ఆ లాభముతో గూడ చెల్లింపవలెను. దీనికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ చాళుక్యుల యేలుబడి మన కొలనుపాక, పానగల్లు సీమలపైని గూడ నుండెను. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమని తెనిగించెను గనుక, సంస్కృతము రానివారికిని ఈ ధర్మము తెనుగుననే యందినది.

గిరాకి మనతో చెప్పిన నంబరు, కొలత, బాకీ, ఇవి ఉపనిధి వంటివని నా తలంపు. ఆమె వానిని మనకు దానము చేయలేదు. వెలకు అమ్మలేదు. ఒక పని నిమిత్తము మన చేతిలో నుంచినది. రవిక కుట్టుటకై యిచ్చిన నంబరుతో మన మఱదలి చీటీపాటలో చేరుమని అడుగుట, ఆ నంబరును భీమా ఏజెంటు కిచ్చుట, పెండ్లి సంబంధములు చూచువారికి చెప్పుట ఇవి మంచి యుద్దేశముతో చేసినను దాచుమని యిచ్చిన నగను మనము పెట్టుకొని పేరంటమునకు పోవుటవంటివే.

అయితే ఒక భేదమున్నది. దాచిన నగను దొంగ యెత్తుకొనిపోయిన పెట్టె ఖాళీ యగును, మనకు తెలియును. వివరమును దొంగ యెత్తుకొనిపోయినను పుస్తకము పుస్తకముగానే యుండును, ఫోను ఫోనుగానే యుండును. పోయినదన్న సంగతియే తెలియదు. మఱియు నగను తిరిగి యీయవచ్చును, ఒకసారి బయటపడిన మాటను తిరిగి యీయ వశము కాదు. పాతస్మృతి రాజు వలన, దైవము వలన, దొంగల వలన ఉపనిధి పోయినచో దాచినవానిని తప్పుపట్టలేదు. ఈ కాలపు చట్టము అంత సులభముగా విడువదు. తలుపు వేసితివా లేదా యని ముందు అడుగును.

ఇచ్చట వేలిముద్రను గూర్చి కొంత చెప్పవలసియున్నది. మన సీమవారికి వేలిముద్ర యన్న పాత భయము. నిజాము కాలమున చదువురాని రైతు షావుకారు కాగితముపై వ్రేలు నొక్కుటయే గాని, పైన నేమి వ్రాసియున్నదో ఎఱుగడు. 1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ రైతాంగ పోరాటమున నల్లగొండ పల్లెలలో దొరల యొద్దను షావుకార్ల యొద్దను ఉన్న అప్పు పత్రములను ప్రజలు తగులబెట్టిరన్న చరిత్ర అందఱికిని తెలిసినదే. భూమికంటె ముందు కాగితమును ఎందుకు కాల్చిరి? తమ బ్రతుకు ఆ కాగితములో చిక్కుకొనియున్నదని వారికి తెలియును గనుక.

కాగితముపై వ్రేలు నొక్కు దినములు పోయినవి, అద్దముపై నొక్కు దినములు వచ్చినవి. 2018 జూను నెలలో హైదరాబాదు పోలీసులు పట్టుకొన్న యొక కేసును చూడుడు. పెద్దపల్లి జిల్లా ధర్మారములో చిన్న ఫోను దుకాణము నడుపు నొకడు, తనకు విధించిన సిమ్ముల అమ్మకపు లెక్కను పూర్తి చేసికొనుటకై, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోనుండి భూముల దస్తావేజులను దింపుకొనెను. వానిపై కొన్నవారి, అమ్మినవారి వేలిముద్రలును ఆధార్ సంఖ్యలును ఉండెను. రబ్బరు ముద్రలు చేయు యంత్రముతో ఆ వేలిముద్రలకు అచ్చులు తీసి, వానిని అద్దముపై నొక్కి, ఆ మనుష్యులే వచ్చి సిమ్ము తీసికొన్నట్లు వేలకొలది సిమ్ములను నడిపించెను. పొలము రిజిస్టరు చేయించుకొన్న రైతునకు తన వ్రేలు ఎక్కడెక్కడ తిరుగుచున్నదో స్వప్నమునందైన తోచలేదు. ఆ దుకాణదారుడు గొప్ప శాస్త్రజ్ఞుడు కాడు. వాని సాధనము బజారులో దొరకు రబ్బరు ముద్రల యంత్రమే. ఇట్టి పనికి గొప్ప విద్య కావలెనని మనము నిశ్చింతగా నుండరాదు.

ఇది చదివినపుడు నాకు ముద్రారాక్షసము జ్ఞప్తికి వచ్చినది. రాక్షసమంత్రి తన భార్యాపుత్రులను రత్నవర్తకుడగు చందనదాసుని యింట దాచియుంచెను. చాణక్యుని చారుడు ఆ యింట పటములు చూపుచుండగా లోపలినుండి చిన్న బాలుడు బయటికి వచ్చెను. తల్లి చేయి చాచి బాలుని లోనికి లాగికొనెను. ఆ తొందరలో ఆమె వ్రేలినుండి మగవాని వ్రేలికి చేసిన ఉంగరము జారి గడప దాటి చారుని పాదముల చెంత పడెను. దానిమీద రాక్షసుని పేరు. ఆ ఉంగరపు ముద్ర నొక లేఖపై వేయించి చాణక్యుడు రాక్షసునికిని మలయకేతువునకును నడుమ నున్న స్నేహమును మొదలంట నఱికివేసెను. జారినది ఒక ఉంగరము, నిమిషమైన పట్టలేదు. ఈనాడు ఫోనునకు వచ్చు ఆఱంకెల ఓటీపీ ఆ ఉంగరమే. దానిని పరునకు చదివి చెప్పుట ముద్రను చేతి కిచ్చుటయే.

విశాఖదత్తుడు ఆ కథలోనే మఱియొక సంగతిని చూపినాడు. రాక్షసుని కుటుంబమెక్కడ నున్నదో చెప్పుమని చాణక్యుడు చందనదాసుని ఎంత బెదిరించినను ఆ వర్తకుడు చెప్పలేదు. ఆస్తి పోయినను, వధ్యస్థానమునకు నడిపించినను చెప్పలేదు. అతడు మంత్రియు గాడు, వీరుడును గాడు, దుకాణము పెట్టుకొన్నవాడు. నాటకమంతటిలో నాకు మిక్కిలి యిష్టమైన పాత్ర అతడే.

పుస్తకమునకు తాళము వేయవచ్చును గాని నాలుకకు వేయుట కష్టము. మన వ్యాపారములు ఎక్కువగా తెలిసినవారితోనే జరుగును. కొనువారును, వారి అత్తలును, ఆడుబిడ్డలును మన గడపకే వత్తురు. "అక్కా, గీ చీర ధర మా అత్తకు చెప్పకు" అని ఒక చిన్నది చెప్పి పోవును. నాలుగు దినములకు ఆ అత్తగారే వచ్చి మాటలలో పెట్టి, "మా కోడలు ఎంతకు కొన్నదమ్మా?" అని అడుగును. ఇరువురును మనకు కావలసినవారే. అప్పుడు "ఆమెనే అడుగుడు అత్తమ్మా, నా కంత జ్ఞాపకముండదు" అనుట అబద్ధమని కొందఱు సందేహపడవచ్చును. "కొన్నవారి లెక్క నేను ఎవరికిని చెప్పను, మీ లెక్కయు చెప్పను" అనుట మఱింత మంచిది. ఈ రెండవమాట విన్న అత్తగారికి కొంచెము కోపము వచ్చినను, తన లెక్కయు భద్రమని లోలోపల సంతోషించును. భర్తలు వచ్చి భార్యల పొదుపును గూర్చి అడుగునపుడును ఇదే సమాధానము. కూలినాలి చేసి చీటీ కట్టుకొను స్త్రీకి ఆ చీటీ సంగతి బయటపడిన సాయంత్రము ఇంట నేమి జరుగునో పాలమూరు పల్లెల నెఱిగినవారికి నేను వివరింప నక్కఱలేదు.

ఇక చట్టము మాట. 2017 ఆగష్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా, మనిషి తన స్వవిషయములను గోప్యముగా నుంచుకొనుట రాజ్యాంగము వలన గలిగిన మూలహక్కని తీర్పు చెప్పెను. పిమ్మట 2023 ఆగష్టు 11న డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించెను. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. వ్యాపారస్థులపైని ముఖ్యమైన బాధ్యతలు అప్పటినుండి పదునెనిమిది నెలల గడువు పిమ్మట, అనగా 2027 మే నెలలో అమలునకు వచ్చునట్లు నిర్ణయించిరి. ఈ చట్టములో పరుల వివరములను ఉంచుకొన్నవారిని డేటా ఫిడ్యూషియరీ యన్నారు. ఆ రెండవ పదమునకు నమ్మి యప్పగించిన దానిని కాచువాడని యర్థము. ఇంగ్లీషు పదమైనను యాజ్ఞవల్క్యునికి పరాయిది కాదు.

ఆ చట్టము చెప్పు ముఖ్యసంగతులివి. వివరము దేనికొఱకు తీసికొనుచున్నామో ముందుగా తేటమాటలలో చెప్పి సమ్మతి పొందవలెను. కోరినవారికి ఆ మాట తెనుగున గూడ నుండవలెను. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాష లన్నింటికిని ఈ సౌకర్యము కల్పించిరి. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులభముగా వెనుకకు తీసికొనవచ్చును. పని తీరిన పిమ్మట వివరమును చెఱిపివేయవలెను. పదునెనిమిది సంవత్సరములు నిండని పిల్లల వివరములకు తలిదండ్రుల సమ్మతి యుండవలెను. తగిన జాగ్రత్త చేయక పోగొట్టినచో జరిమానా 250 కోట్ల రూపాయల వరకు విధింపవచ్చును. ఈ యంకెను చూచి రవికలు కుట్టు ఇల్లాలు గుండె బాదుకొన నక్కఱలేదు. అది గరిష్ఠము. తప్పు యొక్క స్వభావమును, తీవ్రతను చూచి నిర్ణయింతురు. క్రొత్తగా వెలసిన చిన్నసంస్థల వంటివారికి కొన్ని నిబంధనలనుండి మినహాయింపు నిచ్చు నధికారమును కేంద్రప్రభుత్వమునకు గలదు. మఱియు ఈ చట్టము ఫోనులలో, కంప్యూటర్లలో నున్న వివరమునకే గాని వట్టి కాగితపు పుస్తకమునకు వర్తింపదు. కాగితపు పుటను ఫోనులో చిత్రము తీసిన క్షణమున వర్తించును. ఇందుచే కుట్టుమిషను బల్లమీది నోటు పుస్తకము చట్టము కంటికి కనబడదు. నన్నడిగినచో మన యిండ్లలో ఎక్కువ హాని దానివలననే.

ఆచరణలో నేమి చేయవచ్చును? అన్నిటికంటె సులభమైనది అడుగకుండుట. చీర నమ్ముటకు కొనువారి పుట్టినదినము మన కెందుకు? పచ్చడి పంపుటకు ఆధార్ నకలు ఎందుకు? మన యొద్ద లేని దానిని దొంగ ఎత్తుకొనిపోలేడు. మా వారు బడిపంతులగుటచే ఊరివారు దరఖాస్తులు వ్రాయించుకొనుటకు మా యింటికి వచ్చుచుందురు. వచ్చినవారు ఆధార్ నకళ్లు రెండు మూడు వదలి, "ఉంచుండ్రి అమ్మా, ఎప్పుడన్న పనికొస్తయి" అందురు. నేను ఆ నకళ్లను వారి సంచిలోనే తిరిగి పెట్టి పంపుదును. మహిళా సంఘముల లెక్కలు వ్రాయు సోదరీమణులయొద్ద సభ్యులందఱి నకళ్లును చేరుచుండును. తప్పక తీసికొనవలసినచో, నకలు మీద అడ్డముగా ఏ పనికొఱకు ఏ తేదీన ఇచ్చినదో వ్రాయించుడు. ఆధార్ సంస్థయే కడపటి నాలుగంకెలు మాత్రము కనబడు మాస్క్‌డ్ ఆధార్‌ను ఇచ్చుచున్నది. అనేక పనులకు అది చాలును. వేలిముద్రను వాడనపుడు మూసియుంచు తాళమును గూడ ఆ సంస్థ కల్పించినది. ధర్మారము కేసును చదివినవారు దానిని ఒకసారి వేసి చూడుడు.

జిరాక్సు దుకాణముల సంగతి మఱచిపోరాదు. కాగితమును ముద్రింపించుటకై దుకాణదారుని వాట్సాప్‌నకు పంపుదుము. పని తీరిన తర్వాత ఆ చిత్రము అతని యంత్రములో నెన్నాళ్లుండునో మనకు తెలియదు. ఎదుటనే చెఱిపివేయుమని అడుగుటకు సిగ్గుపడవలదు. జిరాక్సు దుకాణమును నడుపు సోదరి యెవరైన దీనిని చదివినచో, అడుగకయే చెఱిపివేసి ఆ మాట చెప్పినయెడల గిరాకి మఱల ఆమెయొద్దకే వచ్చును.

చీరలమ్మువారు వాట్సాప్‌లో గ్రూపులు పెట్టుట వాడుక. గ్రూపులో చేరిన ప్రతి స్త్రీ నంబరును తక్కిన వారందఱికిని కనబడును. ఇన్నూరుమంది స్త్రీల నంబర్లు ఒక్కచోట దొరకుట ఎవరికి లాభమో ఆలోచింపుడు. దీనికి బదులుగా బ్రాడ్‌కాస్ట్ జాబితాను వాడినచో, చీర చిత్రము అందఱికిని పోవును గాని ఒకరి నంబరు ఒకరికి తెలియదు. అయితే మన నంబరును తమ ఫోనులో వ్రాసి పెట్టుకొన్నవారికే అది చేరును. ఇందువలన అమ్మకము కొంత తగ్గునని మొఱపెట్టువారున్నారు. తగ్గినను తగ్గుగాక. అడిగి చేరినవారు పదిమంది, అడుగక చేర్చబడిన నూఱుమందికంటె మేలు.

వాట్సాప్‌నకు ఆఱంకెల రెండవ తాళము గలదు. దానిని వేసికొనని ఫోనును దొంగలు ఓటీపీ మోసముచే తమ వశము చేసికొని, వ్యాపారస్థురాలి పేరిట గిరాకీలందఱికిని "అత్యవసరము, డబ్బు పంపుడు" అని వ్రాయుట తఱచుగా జరుగుచున్నది. పోవునది ఆమె ధనము కాదు, ఆమెను నమ్మినవారి ధనము. ఫోనును పిల్లల ఆటకిచ్చువారు లెక్కలున్న ఫోనును ఇయ్యకుందురు గాక. పనికి కుదిరిన పిల్లకు కొలత తీసికొనుటకు పుస్తకము చాలును, ఫోను తాళము అక్కఱలేదు. పార్సెలు మీద చిరునామా వ్రాయుట తప్పదు గాని లోపల నున్న వస్తువు పేరు వ్రాయనక్కఱలేదు.

అప్పులిచ్చు ఆపులను గూర్చి ఒక హెచ్చరిక. వ్యాపారమునకు పెట్టుబడి చాలనపుడు ఫోనులో క్షణములో అప్పు దొరకునన్న యాశతో కొందఱు వానిని దింపుకొందురు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఇట్టి ఆపులపై కేసులు పెట్టిరి. అవి ఫోనులోని నంబర్లన్నింటిని లాగికొని, అప్పు తీర్చలేనివారి బంధుమిత్రులకు అవమానకరమైన సందేశములు పంపెను. ప్రాణములు తీసికొన్నవారును గలరు. వ్యాపారము చేయు స్త్రీ ఫోనులో నున్నవి బంధువుల నంబర్లు మాత్రమే కావు, గిరాకీల నంబర్లును గలవు. తన యవసరమునకు ఆమె ఒప్పుకొన్న నొక్కుతో వారందఱును చిక్కుకొందురు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో, తన యధికారమునకు లోబడిన సంస్థల ఆపులు ఫోనులోని నంబర్ల జాబితాను తాకరాదని శాసించినది. లోబడనివి ఆ శాసనమును లెక్కచేయునా? నంబర్లు చూడనిమ్మని అడుగు అప్పుల ఆపును అక్కడనే విడుచుట మంచిది.

ఇట్లు నలుదిక్కుల నుండి జారిన వివరములు ఎచ్చట కుప్పపడునో 2023లో కొంత బయటపడినది. ఆ యేడు ఏప్రిలు 1న సైబరాబాదు పోలీసులు 66.9 కోట్లమంది వ్యక్తుల, సంస్థల వివరములను ఉంచుకొని అమ్ముచున్న యొకనిని పట్టుకొన్నట్లు ప్రకటించిరి. దేశ జనాభాలో సగమునకు సమీపమైన యంకె అది! ఒకే తలుపు తెఱచియుండుటచే అంత పోగుకాదు.

వివరము బయటపెట్టుట యంతయు తప్పని నా యభిప్రాయము కాదు. 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. నిజాము రాష్ట్రమున తెనుగు కవులు లేరన్న నిందకు జవాబుగా అందు 354 మంది కవులు తమ పేర్లతో, ఊళ్లతో కనబడిరి. వారు లోకము చూడవలెననియే తమ పేర్లను ఇచ్చిరి. ఇచ్చిన పనికే అవి ఉపయోగపడినవి. పోచంపల్లి చీరను కట్టుకొన్న గిరాకి చిత్రమును మన ప్రకటనలో వేసికొనుటకు ముందు ఆమె నడిగి, ఆమె సంతోషముతో సరే యన్నచో వేసికొనుటయు అట్టిదే. అడుగక వేసికొనుట వేఱు సంగతి.

ఎంత జాగ్రత్త చేసినను ఫోను పోవచ్చును, పుస్తకము పోవచ్చును. అప్పుడు దాచిపెట్టుట కూడదు. ఆ దినముననే గిరాకీలందఱికిని కబురు పంపి, మా పేరిట డబ్బడిగిన ఈయవలదని చెప్పవలెను. ధనము పోయినచో 1930 నంబరునకు ఎంత త్వరగా ఫోను చేసిన, బ్యాంకులో దానిని ఆపుటకు అంత అవకాశము. క్రొత్త నియమములు గూడ ఇట్టి నష్టము జరిగినపుడు ఆలస్యము లేక ఆయా వ్యక్తులకు తెలుపవలెననియు, డేటా సంరక్షణ బోర్డునకు 72 గంటలలో పూర్తి వివరము పంపవలెననియు చెప్పుచున్నవి.

పాత పుస్తకముల మాట ఒకటి మిగిలినది. దసరాకు ఇల్లు దులుపునపుడు నిండిపోయిన కొలతల పుస్తకములు, ఉద్దెర పుస్తకములు, నకళ్లు తూకమునకు వేయుట మన యలవాటు. ఆ కాగితము మిరపకాయ బజ్జీల బండికి పోవును. పేరు, నంబరు, నడుము కొలతతో గూడ పొట్లమై వీధిలో తిరుగును. బాకీలు తీరినవో లేదో చూచి, తీరని వానిని క్రొత్త పుస్తకములోనికి ఎక్కించి, పాతవానిని చించి బకెట్టు నీటిలో ఒక రాత్రి నానవేసినచో తెల్లవారుసరికి ముద్ద యగును. పాత ఫోనును మార్పిడికి ఇచ్చునపుడు ముందుగా కావలసిన లెక్కలను వేఱుచోట దాచుకొని, సిమ్మును, మెమరీ కార్డును తీసివేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించి యీయవలెను. దుకాణమువాడు తానే చేసెద ననును. మన యెదుట చేయుమనుడు.